అదే మ్యూజియం, అవే బొమ్మలు, మళ్లీ కెమెరాతో

విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, రెండో వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద ఫొటోలు చూపిస్తాను, దూరం నుంచైతే అసలు చూడాల్సినవి కనిపించవు.

ఈ రోజు నేను చెప్పబోయేది హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం గురించి. మ్యూజియం మొత్తం గురించి చెప్పడం నా వల్ల కాదు, ఒక్క ప్రసంగంలో ఎవరి వల్లా కాదు కూడా. అందులో నాకు బాగా ఇష్టమైన కొన్ని వస్తువులున్నాయి, వాటి కోసమే పదే పదే వెళ్తుంటాను, వెళ్లినప్పుడల్లా వాటినే ఫొటో తీస్తుంటాను, ఆ సంగతులు చెప్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ బుక్ చేస్తుంటే ఇంట్లో ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒకటే, "అది చూసేశారు కదా, మళ్లీ ఏముంది అక్కడ?" అని. అడగడంలో తప్పేం లేదు. మనలో చాలామందికి మ్యూజియం అంటే స్కూల్ టూర్‌లో లైన్‌లో నిలబడి, ముందు పిల్లాడి భుజం పట్టుకుని, ఒక గదిలో దూరి ఇంకో గదిలోంచి బయటపడే చోటు. అలా ఒకసారి తిరిగొస్తే లెక్కలోకి చూసినట్టే. కానీ ఒక శిల్పాన్ని నడుస్తూ అరనిమిషం చూడడానికీ, దాని కోసమే రైలెక్కి వెళ్లి ఎదురుగా గంటసేపు కూర్చోవడానికీ చాలా తేడా ఉందండీ. ఆ తేడా ఏంటో చెప్పాలనే నా తాపత్రయం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మూడో సాలార్‌జంగ్ అసలు పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1912లో చిన్న వయసులోనే ఏడో నిజాం దగ్గర దివాన్, అంటే ప్రధానమంత్రి అయ్యారు, 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితం, చేతిలో ఉన్న డబ్బు వస్తువులు సేకరించడానికే పెట్టారు. తాతగారు, తండ్రిగారు కూడబెట్టినవి ఎలాగూ ఉన్నాయి. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే మ్యూజియం మొదలైంది, నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. చాలావరకు ఒక మనిషి ఇష్టంతో పోగుచేసిన సంపద అది, అందుకే అక్కడ చైనా పింగాణీ, మొగలుల కత్తులు, యూరప్ పెయింటింగులు అన్నీ ఉంటాయి. క్రమం కోసం వెతికితే తల తిరుగుతుంది. మీకు నచ్చినవి మీరు ఏరుకోవడానికి మాత్రం అంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

ఇప్పుడు కెమెరా సంగతి. మ్యూజియంలో ఫోన్ బయటికి తీస్తే పెద్దవాళ్లు విసుక్కుంటారు, "ఫొటోలు తీయడమేనా, కళ్లతో చూసేదేమన్నా ఉందా?" అని. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని పరీక్షించి చూసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థుల్ని ఒక ఆర్ట్ మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులు వాళ్లకి తక్కువగా గుర్తున్నాయి, వాటి వివరాలూ తక్కువగానే గుర్తున్నాయి. 2014లో ఆ పరిశోధన అచ్చయినప్పుడు, కెమెరా జ్ఞాపకాన్ని తినేస్తోందని పేపర్లు రాశాయి. కానీ అదే పరిశోధనలో రెండో సగం ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. వస్తువు మొత్తాన్ని కాకుండా, అందులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకి ఆ నష్టం జరగలేదు. ఇంకో విశేషం, వాళ్లు జూమ్ చేయని భాగాలు కూడా వాళ్లకి గుర్తున్నాయి.

నాకైతే ఇది పెద్ద విషయం. ఎందుకంటే రెండోసారి వెళ్లినవాళ్లు సహజంగా చేసేది ఇదే. మొదటిసారి మొత్తం బొమ్మ తీస్తారు, అందరూ తీస్తారు, తియ్యాలి కూడా. రెండోసారి వెళ్లేటప్పటికి ఆ మొత్తం బొమ్మ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి, చెయ్యి దానంతటదే చెవి దగ్గరికో, వేళ్ల దగ్గరికో, వస్త్రం అంచు దగ్గరికో వెళ్తుంది. ఏ భాగం తియ్యాలి అని ఎంచుకోవాలంటే ముందు చూడాలి కదా. అలా కెమెరాయే మనల్ని ఆపి చూపిస్తుంది.

సరే, మొదటి ఫొటో. ఇది ఎవరో నేను చెప్పక్కర్లేదు. ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన పాలరాతి శిల్పం, 1876లో మొదటి సాలార్‌జంగ్, అంటే మన సేకర్తగారి తాత, యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నారు. బెంజోని దగ్గర ఇదే శిల్పానికి ఇంకొన్ని ప్రతులు కూడా తయారయ్యాయి, అమెరికా మ్యూజియంలలో కొన్ని ఉన్నాయి. కథ బైబిల్‌లో ఆదికాండం 24వ అధ్యాయంలోది. ఇస్సాకుకి పిల్లని వెతకడానికి వెళ్లిన సేవకుడికి బావి దగ్గర ఒక అమ్మాయి కనిపిస్తుంది, అతనికీ నీళ్లిస్తుంది, అతని ఒంటెలకీ తోడిపోస్తుంది. ఆ అమ్మాయే రెబెక్కా. పెళ్లికూతురై ఒంటె మీద వస్తూ, పొలంలో ఎదురొస్తున్న మనిషిని చూసి "ఆయనెవరు?" అని అడుగుతుంది. ఆయనే ఇస్సాకు అని తెలియగానే ముసుగు వేసుకుంటుంది. బెంజోని చెక్కింది ఆ ముసుగులోని రెబెక్కానే.

రాతిలో పల్చటి గుడ్డ ఎలా వచ్చింది? చూసేవాళ్లందరూ అడిగేది ఇదే. లోపల ఒక ముఖం, పైన ఒక ముసుగు అని రెండు పొరలేం లేవక్కడ. ఉన్నది ఒకటే పొర. ముసుగు ముఖానికి ఆనుకున్నట్టు కనిపించాల్సిన చోట, అంటే ముక్కు మీద, పెదాల మీద, గడ్డం మీద, శిల్పి ఆ ఉబ్బుల్ని ఉంచి వాటి అంచుల్ని మాత్రం మెత్తబరిచాడు. ముసుగు ముఖానికి తగలకుండా వేలాడే చోట సన్నటి మడతలు తీశాడు. ఆ మడత గీత బుగ్గ మీదుగా ఆగకుండా పోతుంటే, దాని వెనక బుగ్గ ఉందని మన కన్ను ఒప్పేసుకుంటుంది. ఇది మొత్తం శిల్పం ఫొటోలో తెలీదండీ. ఇదిగో ఈ రెండో ఫొటో చూడండి, కంటి కింద నుంచి పెదవి చివరి దాకా మాత్రమే తీశాను. మూడోది పక్క నుంచి తీశాను. పక్క నుంచి చూస్తే గుడ్డ మాయం, రాయి కనిపిస్తుంది. అక్కడి నుంచి ఒక్కో అడుగే ముందు వైపుకి తిరుగుతూ వస్తే, ఒక చోట రాయి మళ్లీ గుడ్డయిపోతుంది. ఆ చోటు ఎక్కడో కనిపెట్టి అక్కడ నిలబడి తియ్యండి. మన ఊరివాళ్లకి ఈ శిల్పం మీద ఒక ప్రత్యేకమైన ఇష్టం ఉండడానికి కారణం ఉందనిపిస్తుంది నాకు. ఏడాదంతా చందనం కప్పుకున్న సింహాచలం అప్పన్నని చూసి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూపం కోసం రాత్రి నుంచి క్యూలో నిలబడే జనం మనం. పైపూత కింద రూపాన్ని ఊహించుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

తెల్లరాయి ఫొటో తీసేటప్పుడు ఒక చిక్కుంది. కెమెరాకి ఏదైనా మధ్యస్థంగా, బూడిదరంగు వెలుగులో ఉండాలని లెక్క. ఫ్రేమ్ నిండా తెల్లరాయి ఉంటే ఇది మరీ ఎక్కువ వెలుగనుకుని చీకటి చేస్తుంది, పాలరాయి కాస్తా సిమెంటు రంగులోకి వస్తుంది. అదే వెనక గోడ ముదురుగా ఉండి శిల్పం చిన్నగా ఉంటే, గోడ కోసం వెలుగు పెంచేస్తుంది, అప్పుడు ముసుగు మడతలన్నీ తెల్లగా కరిగిపోతాయి. రెండోది ఎక్కువ నష్టం, ఎందుకంటే పోయిన మడతలు తర్వాత ఎడిటింగ్‌లో రావు. ఫోన్‌లో అయితే రెబెక్కా ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకో కిందికో జరుపుతూ, మడతలు స్పష్టంగా కనిపించే దగ్గర ఆగండి. ఏ ఫోనైనా సరిపోతుంది దీనికి.

తర్వాతది జంట శిల్పం. ఇది చెక్క. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ పని, ఒకటే దుంగలో ముందు వైపు మెఫిస్టోఫిలీస్, వెనక వైపు మార్గరెట్. జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలో పాత్రలు. ఫౌస్ట్ అనే పండితుడు తన ఆత్మని సైతానుకి రాసిచ్చేస్తాడు, ఆ ఒప్పందంలో ఏ పాపం తెలియని మార్గరెట్ బతుకు బుగ్గవుతుంది. ముందు నుంచి చూస్తే ఆ సైతాను గడ్డం పైకెత్తి, పొగరుగా నిలబడి ఉంటాడు. వెనక అద్దం పెట్టారు, అందులో తలవంచుకుని, చేతిలో పుస్తకం పట్టుకున్న మార్గరెట్ కనిపిస్తుంది. జనం అద్దంలోకి చూడగానే "అరె" అంటారు, పక్కవాళ్లని లాక్కొచ్చి చూపిస్తారు. నాకు నచ్చేది అంతకు మించి ఒకటుంది. అతని భుజం ఎక్కడ అయిపోయి ఆమె భుజం ఎక్కడ మొదలవుతోందో పక్క నుంచి వెతకండి. ఒకే చెక్కలో అతను ఛాతీ విరుచుకోవాలి, ఆమె కుంగిపోవాలి. అతని విరుపే ఆమె వంపవ్వాలి. ఆ శిల్పి ఆ ముడి విప్పిన తీరుకి ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దీన్ని ఫొటో తీయడం కష్టం, ఆ కష్టం ఎందుకో తెలిస్తే సులువైపోతుంది. అద్దంలో కనిపించే బొమ్మ అద్దం ఉపరితలం మీద ఉండదు. కెమెరా నుంచి అద్దం దాకా ఎంత దూరమో, అద్దం నుంచి శిల్పం వీపు దాకా ఎంత దూరమో, రెండూ కలిపితే మార్గరెట్ అంత దూరంలో ఉన్నట్టు లెక్క. అందుకే ముందున్న అతని మీద ఫోకస్ పెడితే ఆమె మసకగా వస్తుంది, ఆమె మీద పెడితే అతను మసకబారతాడు. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8కో ఎఫ్ 11కో తగ్గిస్తే ఇద్దరూ స్పష్టంగా వస్తారు, కానీ వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచక తప్పదు, దాంతో ఫొటో కొంచెం గరుకుగా వస్తుంది. ఫోన్‌లో లెన్స్ చిన్నది కాబట్టి ఈ ఇబ్బంది సహజంగానే తక్కువ, కొంచెం వెనక్కి జరిగితే చాలు. అద్దంలో మీరే పడకుండా ఉండాలంటే ఒక పక్కకి జరిగి ఏటవాలుగా తియ్యండి. ఎర్ర చొక్కా వేసుకుని మాత్రం వెళ్లకండి, అద్దాల్లోనూ గాజు పెట్టెల్లోనూ అదే కనిపిస్తుంది. ముదురు రంగు బట్టలు మంచివి.

గాజు అంటే గుర్తొచ్చింది. లెన్స్‌ని గాజుకి ఎంత దగ్గరగా తీసుకెళ్తే ప్రతిబింబాలు అంత తగ్గుతాయి, గాజుకి తాకించకుండా. గార్డుని ముందుగా అడిగితే వాళ్లే సాయం చేస్తారు, ఎటు నుంచి తీస్తే ట్యూబ్‌లైట్ పడదో వాళ్లకి తెలిసినంతగా మనకి తెలీదు. ఫ్లాష్ వద్దు, ట్రైపాడ్ వద్దు. ఫొటోలకి విడిగా టికెట్ పెడుతుంటారు, నియమాలు మారుతుంటాయి కాబట్టి కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి. శుక్రవారం సెలవు, రైలు టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

గదులు ఎందుకంత చీకటిగా ఉంటాయని ఫొటోగ్రాఫర్లు గొణుక్కుంటారు. కాగితం మీద బొమ్మలకి, నీటిరంగులకి, పట్టుబట్టలకి దాదాపు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగుని కొలిచే ప్రమాణం) దాటకూడదనీ, నూనెరంగుల పెయింటింగులకి 200 దాకా పర్వాలేదనీ మ్యూజియంలు పాటించే పద్ధతి. పోలిక కోసం చెప్తున్నా, మిట్టమధ్యాహ్నం మన ఆర్కే బీచ్‌లో వెలుగు లక్ష లక్స్ దగ్గర ఉంటుంది. వెలుగు వల్ల పోయిన రంగు తిరిగి రాదు, రోజూ పడే కొంచెం కొంచెం వెలుగే ఏళ్ల తరబడి పోగవుతుంది. మన మనవలు కూడా రవివర్మ రంగులు చూడాలంటే మన ఫొటోలో కొంచెం గరుకు రావడం నష్టమేం కాదు.

గడియారం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారం, గంట కొట్టే వేళకి తలుపు తీసుకుని బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి వెళ్తాడు, దాని కోసం జనం బల్లల మీద కూర్చుని ఎదురుచూస్తారు. వందలమంది ఫోన్లు ఎత్తి వీడియో తీస్తారు. నేను ఆ సమయంలో వెనక్కి వెళ్లి జనాన్ని తీస్తాను, ముఖాలు గుర్తుపట్టలేనంత దూరం నుంచి. అంతమంది ఒకేసారి మాటలాపేసి ఒకే వైపు చూసే చోటు ఆ భవనంలో ఇంకోటి లేదు.

బిద్రి గది దగ్గర మాత్రం నేను గంటలు గంటలు ఉండిపోతాను. బిద్రి అంటే బీదర్ పేరుతో వచ్చిన లోహపు పని. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు, దాని మీద గీతలు తొలిచి వెండి తీగ కొడతారు, చివర్లో బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపిన నీళ్లతో రుద్దుతారు. ఆ మట్టికి లోహం నల్లబడుతుంది, వెండి నల్లబడదు. నల్లటి హుక్కా బుడ్డి మీద తెల్లటి పూలతీగ అలా మిగులుతుంది. ఇక్కడ కెమెరా రెబెక్కా దగ్గర చేసినదానికి సరిగ్గా ఉల్టా చేస్తుంది, నలుపుని చూసి వెలుగు పెంచుతుంది, నలుపు బూడిదైపోతుంది. తగ్గించండి. నలుపు నల్లగా ఉంటేనే వెండి వెండిగా ఉంటుంది.

ఇక దంతపు గది. టిప్పు సుల్తాన్‌కి ఫ్రాన్స్ రాజు బహూకరించినవని చెప్పే దంతపు కుర్చీలు అక్కడున్నాయి. వాటి ముందు నిలబడినప్పుడల్లా నా మనసు విశాఖపట్నం వచ్చేస్తుంది. ఈ హాల్లో ఎంతమందికి తెలుసో గానీ, పద్దెనిమిదో శతాబ్దంలో దంతపు పనికి ప్రపంచంలో పేరున్న ఊళ్లలో మనదొకటి. గంధపు చెక్కతో పెట్టె చేసి, దాని మీద పల్చటి దంతపు పలకలు అతికించి, వాటి మీద సన్నగా బొమ్మలు గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవాళ్లు. ఇక్కడి కంసాలుల పని. కంపెనీ దొరలు కుర్చీలు, బీరువాలు, కుట్టుపెట్టెలు చేయించుకుని ఓడల్లో పట్టుకెళ్లారు. వాళ్లు తెచ్చిచ్చిన అచ్చుబొమ్మలు చూసి ఇంగ్లాండ్ భవనాల్ని, తోటల్ని మనవాళ్లు దంతం మీద గీశారు, ఆ దేశం కంటితో చూడకుండానే. కొన్ని పెట్టెల్ని ఏకంగా ఇంగ్లీష్ ఇల్లు ఆకారంలోనే చేశారు, పైకప్పు ఎత్తితే లోపల అరలు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ఊరి పేరు రాసిన లేబుల్‌తో ఆ పని ఉంది, ఇంటర్నెట్‌లో ఆ ఫొటోలు ఎవరైనా చూడొచ్చు. తర్వాత దంతంతో పాటు గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లతో కూడా పెట్టెలు చేశారు. ఇప్పుడా పని ఇక్కడ లేదు. ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోవాల్సిందే, ఆగిపోవడం మంచిదే. కానీ లక్క పట్టిన చెయ్యి మన చుట్టుపక్కల ఇంకా ఉంది, ఏటికొప్పాక వెళ్లి చూడండి, అంకుడు కర్ర తిరుగుతుంటే దాని మీద లక్క కరిగి రంగు పట్టడం.

(ఒక విద్యార్థిని: హైదరాబాద్ పదే పదే వెళ్లలేం కదండీ, దగ్గర్లో ఇలా తిరిగి తిరిగి చూడదగ్గది ఉందా?)

ఉందమ్మా. రాజమండ్రి వెళ్లు. పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది అక్కడ. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన్ని చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి పంపారు. వెనక్కొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 'సిద్ధార్థ రాగోదయం' ముందు నిలబడి చూడు. ఫొటోకి అనుమతి అడుగు, ఇవ్వకపోతే పుస్తకం తెరిచి పెన్సిల్‌తో గియ్యి, ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నావు కాబట్టి నీకు అదే ఇంకా మంచిది. గాజు ముందు తీయడం ప్రాక్టీస్ చెయ్యాలంటే మన బీచ్ రోడ్‌లో డచ్ బంగళా విశాఖ మ్యూజియం ఉండనే ఉంది.

(ఇంకొకరు: ఇన్ని ఫొటోలు తీశాక ఏం చేస్తారండీ?)

మంచి ప్రశ్న. మొదట లేబుల్ ఫొటో ఉండాలి, వస్తువు ఫొటోకి ముందు గానీ వెనక గానీ వెంటనే తీసి పెట్టుకోండి, ఏడాది తర్వాత ఏది ఏంటో తెలియాలంటే అదొక్కటే దారి. తర్వాత ఒక్కో వస్తువుకి ఒక్కో ఫోల్డర్. తేదీ వారీగా పెట్టకండి, రెబెక్కా ఫొటోలన్నీ ఒకచోట ఉంటేనే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడగలం. ఇంకోసారి వెళ్లే ముందు ఆ ఫోల్డర్ తిరగేస్తే ఏది తియ్యలేదో తెలిసిపోతుంది. నా ఫోల్డర్‌లో మార్గరెట్ చేతిలో పుస్తకం దగ్గరగా తీసింది ఇంకా సరిగ్గా లేదు, ఈసారి దాని కోసం వెళ్తున్నాను.

చివరగా మీ అందరికీ ఒక విన్నపం. పాత ఊళ్లోనో, మీ అమ్మమ్మగారి ఇంట్లోనో, పెట్టె అడుగున కొమ్ముతో చేసిన పెట్టె, దంతపు దువ్వెన, లక్క గీతలున్న చిన్న డబ్బా లాంటివి ఏమైనా ఉంటే దయచేసి ఫొటో తియ్యండి. అమ్మడం, కొనడం మాత్రం వద్దు, దంతం విషయంలో చట్టం గట్టిగా ఉంది. కిటికీ పక్కన పగటి వెలుగులో, నల్లటి గుడ్డ మీద పెట్టి, పక్కన ఒక స్కేలు పెట్టండి. మూత మూసి ఒకటి, తెరిచి ఒకటి, తిరగేసి అడుగు ఒకటి, బందుల దగ్గర ఒకటి, గీతలు కనిపించేలా బాగా దగ్గర నుంచి ఒకటి. ఎవరింట్లోదో రాయక్కర్లేదు, ఎవరు చేయించారో, ఎప్పటి నుంచి ఉందో మీకు తెలిసినంత రాయండి చాలు. అవన్నీ తీసుకురండి, ఇదే తెర మీద వేసుకుని, లండన్‌లో ఉన్నవాటి పక్కన పెట్టి చూద్దాం.